స్కిజోఫ్రెనియాకు మందులు ఆపేసి థెరపీ ఒక్కటే చేయిస్తే సరిపోతుందా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీ అక్కకు 27 ఏళ్లు. నాలుగేళ్ల కిందట స్కిజోఫ్రెనియా అని తేల్చారు. రెండుసార్లు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. మందులు వాడాక చెవిలో మాటలు వినిపించడం చాలావరకు తగ్గింది గానీ ఒళ్లు బాగా వచ్చేసింది, పొద్దస్తమానం నిద్రమత్తు. ఈమధ్య కలిసిన ఒక కౌన్సెలర్ "లోపల అణచుకున్న గాయం బయటికి వచ్చేస్తే మందులతో పనే ఉండదు" అన్నారు. అక్క ఆ మాట గట్టిగా పట్టుకుంది. మందులు ఆపి థెరపీ ఒక్కటే చేయిద్దామా, అక్కతో ఎలా మాట్లాడాలి అని మీరు అడుగుతున్నారు.

ఆపకండి. ముందు ఈ ఒక్కమాట చెప్పేసి తర్వాత వివరంగా రాస్తాను.

నేను మందులు రాసే సైకియాట్రిస్టుని కాను, క్లినికల్ సైకాలజిస్టుని. ఇరవై రెండేళ్లుగా మనుషులతో కూర్చుని మాట్లాడటమే నా పని, నా జీతం. మాటలతోనే ఈ జబ్బు నయమయ్యేట్టయితే అందరికంటే ముందు లాభపడేది నాలాంటివాళ్లమే. అయినా చెబుతున్నాను, మీ అక్కకు ఉన్న జబ్బులో థెరపీ ఒక్కటే చాలదు. ఆ కౌన్సెలర్‌కి దురుద్దేశం ఉందని నేననను. కానీ రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టుంది వ్యవహారం. మందులు వద్దనుకుంటున్న మనిషికి మందులు వద్దని చెబితే ఆ మాట తియ్యగానే ఉంటుంది.

థెరపీ ఎలా పనిచేస్తుందో ఒకసారి చూడండి. ఎదురుగా కూర్చున్న మనిషిని కొంతైనా నమ్మాలి. ముప్పావుగంట సేపు ఒక విషయం మీద మనసు నిలపాలి. పోయిన వారం ఏం అనుకున్నామో గుర్తుండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, తన ఆలోచనను తానే కాస్త పక్కన పెట్టి "ఇది నిజంగా జరుగుతోందా, నాకలా అనిపిస్తోందా" అని చూసుకోగలగాలి. మామూలు డిప్రెషన్‌లో, ఆందోళనలో ఈ శక్తులు తగ్గుతాయే తప్ప మిగిలే ఉంటాయి. సైకోసిస్, అంటే లేని గొంతులు వినిపించడం, లేనిది ఉన్నట్టు గట్టిగా నమ్మడం లాంటి స్థితి, ముదిరినప్పుడు జబ్బు ముందుగా దెబ్బతీసేది వీటినే. అంటే మేం ఏ పనిముట్టుతో పనిచేయాలో ఆ పనిముట్టే విరిగి ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసిన ఒక తప్పు చెబుతాను (ఆనవాళ్లు తెలియకుండా వివరాలు మార్చాను). ఒక కుర్రాడు తన గదిలో మాటలు బయటికి పంపే యంత్రం ఎవరో బిగించారని నమ్మేవాడు. మందులు ఇంకా మొదలుపెట్టలేదు, వాళ్ల నాన్న వద్దన్నారు. పుస్తకంలో చదువుకున్నట్టే నేను సాక్ష్యాలు అడగడం మొదలుపెట్టాను. "యంత్రం ఉంటే తీగ ఉండాలి కదా? నువ్వు వెతికావు, దొరకలేదు కదా?" అని. అతను చాలా మర్యాదగా విన్నాడు. మూడో సెషన్ అయ్యాక ఇంటికెళ్లి వాళ్లమ్మతో "ఆ సైకాలజిస్టు కూడా వాళ్ల మనిషే, యంత్రం ఎక్కడుందో నాకు తెలిసిపోయిందేమోనని కూపీ లాగడానికే అన్ని ప్రశ్నలు వేస్తున్నారు" అన్నాడట. అతని వైపు నుంచి చూస్తే అందులో తర్కం ఉంది. నేను వాదించిన ప్రతి వాక్యమూ ఆ నమ్మకానికి ఇంకో ఇటుక పేర్చింది. రెండు నెలల తర్వాత, మందులు కొంత పనిచేశాక, అదే కుర్రాడు "అప్పుడు నాకు మీ పెదాలు కదలడం కనిపించేది గానీ వెనక వాళ్లు మాట్లాడుతుంటే మీ మాట సగమే వినిపించేది" అన్నాడు. నేనెంత గొప్పగా మాట్లాడానన్నది అక్కడ అసలు లెక్కలోకే రాలేదు.

ఇంకో చిక్కు, తనకు జబ్బుందన్న సంగతే తెలియకపోవడం. మొండితనం అని ఇంట్లోవాళ్లు తిడుతుంటారు. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయినా "నా చెయ్యి బాగానే ఉంది" అని నిజాయితీగా చెప్పే రోగుల్ని చూసి బాబిన్‌స్కీ అనే ఫ్రెంచి న్యూరాలజిస్టు 1914లో దానికి అనోసోగ్నోసియా అని పేరు పెట్టాడు. స్కిజోఫ్రెనియాలో కూడా చాలామందిలో ఇలాంటిదే కనిపిస్తుంది. తాగుబోతు "నేను తాగలేదు" అని బుకాయించడం వేరు, ఇది వేరు. జబ్బు ఉందని గుర్తించాల్సిన భాగమే జబ్బు పడితే మనిషి ఏం చేస్తాడు? థెరపీకి రావాలంటే "నాకో సమస్య ఉంది" అనిపించాలి. ఆ మొదటి మెట్టే లేనివాళ్లు మా తలుపు దాకా రారు, ఎవరో లాక్కొస్తే వస్తారు. లాక్కొచ్చిన మనిషితో ఎంత మాట్లాడగలం?

కేటటోనియా అని ఒక స్థితి ఉంటుంది. మనిషి కదలడు, మాట్లాడడు, చెయ్యి పైకెత్తి వదిలితే అలాగే ఉంచేస్తాడు. అలాంటివాళ్లకు లోరాజెపామ్ ఇంజెక్షన్ ఇస్తే కొందరు గంటల్లోనే, ఒక్కోసారి నిమిషాల్లోనే నోరు విప్పడం నేను కళ్లారా చూశాను. లొంగకపోతే ఈసీటీ, అంటే జనం కరెంట్ షాక్ అని భయపడేది, బాగా పనిచేస్తుంది. అలాంటి మనిషి ఎదురుగా కూర్చుని నేను చిన్ననాటి గాయాల గురించి ఎన్ని వారాలు అడిగినా ఏం ప్రయోజనం?

సైకోసిస్ లాగే కనిపించే వేరే జబ్బులు కూడా ఉన్నాయి. యాంటీ ఎన్ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్ అని 2007లో దాల్మావు బృందం గుర్తించిన జబ్బు ఒకటుంది. ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్లలో, కొందరిలో అండాశయంలో గడ్డ కారణంగా వస్తుంది. మొదట్లో అచ్చం మతి చలించినట్టే ఉంటుంది. దానికి చికిత్స రోగనిరోధక వ్యవస్థను అదుపు చేయడం, గడ్డ ఉంటే తీసేయడం. అందుకే మొదటిసారి సైకోసిస్ వచ్చిన ఏ మనిషినైనా ముందు డాక్టరు పరీక్షించాలి, తర్వాతే మా దగ్గరికి పంపాలి. మీ అక్క విషయంలో అది నాలుగేళ్ల కిందటే అయిపోయి ఉంటుంది, ఇది చదివేవాళ్లలో మరొకరికి పనికొస్తుందని రాశాను.

"లోపలి గాయం" అన్న మాట కొత్తదేం కాదు. దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. మాటలతో చికిత్సకు ఆద్యుడనిపించుకున్న ఫ్రాయిడే సైకోసిస్ ఉన్నవాళ్లకు తన పద్ధతి పనికిరాదనుకున్నాడు. తర్వాత వచ్చినవాళ్లు మాత్రం అంతటితో ఆగలేదు. అమెరికాలోని చెస్ట్‌నట్ లాడ్జ్ అనే ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసిన ఫ్రీడా ఫ్రామ్ రైక్‌మన్ అనే మహా ఓపికమంతురాలు స్కిజోఫ్రెనియాను విశ్లేషణతోనే నయం చేయాలని దశాబ్దాల పాటు శ్రమించారు. ఆమె నిబద్ధతను నేను తప్పుపట్టను. కానీ 1948లో ఆమె రాసిన ఒక మాట, పిల్లల్లో స్కిజోఫ్రెనియాను పుట్టించే తల్లి అన్న భావన, తర్వాత పాతికేళ్ల పాటు ఎంతమంది తల్లుల్ని కాల్చుకుతిన్నదో చెప్పలేం. ఓవైపు బిడ్డకు జబ్బు, మరోవైపు దానికి కారణం నువ్వేనన్న ముద్ర. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. అలాంటి తల్లులు జబ్బు తెప్పించారనడానికి ఆధారం దొరకలేదు.

అదే ఆసుపత్రిలో చికిత్స పొందినవాళ్లను సగటున 15 ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని ఎలా ఉన్నారో చూశారు మెక్‌గ్లాషన్ అనే సైకియాట్రిస్టు. 1984లో ఫలితాలు వచ్చాయి. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది అంతంత మాత్రంగానో, అంతకంటే అధ్వాన్నంగానో ఉన్నారు. అక్కడివాళ్లు ఎంతో తెలివైనవాళ్లు, ఎంతో సమయం ఇచ్చారు, అయినా అదీ ఫలితం. అంతకుముందే 1968లో ఫిలిప్ మే అనే ఆయన కాలిఫోర్నియాలోని కమరిల్లో ఆసుపత్రిలో 228 మంది మీద చేసిన అధ్యయనం బయటికొచ్చింది. మొదటిసారి చేరిన రోగుల్ని ఐదు గుంపులు చేశారు. థెరపీ మాత్రమే, మందులు మాత్రమే, రెండూ, ఈసీటీ, వట్టి ఆసుపత్రి సంరక్షణ. మందులు అందిన రెండు గుంపులూ బాగుపడ్డాయి. థెరపీ మాత్రమే అందినవాళ్ల పరిస్థితి, వట్టి సంరక్షణలో ఉన్నవాళ్ల కంటే చెప్పుకోదగ్గంత మెరుగ్గా లేదు.

ఒషెరాఫ్ కేసు గురించి కూడా చెప్పాలి, అది స్కిజోఫ్రెనియా కాకపోయినా. ఆయన కిడ్నీ డాక్టరు. తీవ్రమైన డిప్రెషన్‌తో 1979లో అదే చెస్ట్‌నట్ లాడ్జ్‌లో చేరారు. ఏడు నెలలు థెరపీ చేశారు, మందులు ఇవ్వలేదు. ఆయన బరువు 18 కిలోల దాకా తగ్గిపోయింది. కుదురు లేక వరండాలో నడిచీ నడిచీ పాదాలు బొబ్బలెక్కాయి. ఇంట్లోవాళ్లు చూడలేక వేరే ఆసుపత్రికి మార్పిస్తే మందులు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే తేరుకున్నారు. ఆయన వేసిన దావా 1987లో కోర్టు బయట రాజీతో ముగిసింది. ఆధారం ఉన్న చికిత్స చేతిలో ఉండగా ఇవ్వకపోవడం తప్పు అవునా కాదా అని వైద్యులంతా వాదించుకోవడానికి అది కారణమైంది. నా దృష్టిలో తప్పే.

ఇప్పుడు మందుల సంగతి. లాయిష్ట్ బృందం 2012లో 65 ట్రయల్స్‌ను కలిపి లెక్కవేసింది. మందులు కొనసాగించినవాళ్లలో ఏడాది లోపు జబ్బు తిరగబెట్టింది 27 శాతం మందికి, ఆపి ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 64 శాతం మందికి. ఈ రెండు అంకెల్నీ మీరు రెండు వైపుల నుంచీ చదవాలి. ఆపినవాళ్లందరికీ తిరగబెట్టలేదు, కాబట్టి "ఆపితే చచ్చినట్టు వస్తుంది" అని అక్కను బెదిరిస్తే అది అబద్ధం. వాడినవాళ్లలోనూ నలుగురిలో ఒకరికి పైగా తిరగబెట్టింది, కాబట్టి మందు వేసుకుంటే ఇక భయం లేదన్నదీ అబద్ధమే. కానీ ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని ఏ థెరపీ ఇంతవరకు పూడ్చలేదు.

థెరపీ వైపు అంకెలు కూడా దాచకుండా చెబుతాను. ఆలోచనల్ని పరిశీలించి మార్చుకోవడం నేర్పే మాటల చికిత్సను సీబీటీ అంటారు, అందులో సైకోసిస్ కోసం ప్రత్యేకంగా తయారుచేసినది ఉంది. ఇంగ్లండ్‌లో ఏ చికిత్స ఇవ్వాలో చెప్పే నైస్ అనే సంస్థ మార్గదర్శకాలు కనీసం 16 సెషన్లు ఇవ్వమంటాయి. 2014లో జౌహర్ తదితరులు అధ్యయనాలన్నీ కలిపి చూస్తే లక్షణాలు తగ్గడంలో దాని ప్రభావం చిన్నదని తేలింది. ఎవరికి ఏ చికిత్స అందిందో తెలియకుండా మార్కులు వేసిన అధ్యయనాల్లో ఆ చిన్నది ఇంకా చిన్నదైంది. మందులు వాడటానికి ఒప్పుకోని 74 మందికి సీబీటీ ఇచ్చి చూసిన ఒక ట్రయల్ కూడా అదే ఏడాది లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, కొంత మేలు కనిపించింది. నెట్‌లో "మందులు లేకుండానే నయం" అనేవాళ్లు చాలాసార్లు దీన్నే చూపిస్తారు. చిన్న ట్రయల్, మధ్యలో మానేసినవాళ్లు ఎక్కువమంది. మందులు ఎంతకీ వద్దనే మనిషికి ఏమీ చేయకుండా వదిలేయడం కంటే ఇది నయం అనేంత వరకు నేనూ ఒప్పుకుంటాను. పనిచేస్తున్న మందు ఆపి దీన్ని పెట్టవచ్చని మాత్రం అది చెప్పలేదు.

వినిపించే గొంతుకు కంప్యూటర్ మీద ఒక ముఖం ఇచ్చి, దానితో రోగి ఎదురు మాట్లాడేలా చేసే అవతార్ థెరపీ కూడా వచ్చింది. 2018లో 150 మంది మీద ఫలితాలు ప్రచురించారు. పన్నెండు వారాలకు మామూలు కౌన్సెలింగ్ కంటే బాగా పనిచేసింది, ఇరవై నాలుగు వారాలకు రెంటికీ తేడా లేకపోయింది. నాకు ఆ పద్ధతి అంటే ఇష్టం. అందులో పాల్గొన్నవాళ్లలోనూ ఎక్కువమంది మందులు వాడుతూనే ఉన్నారు.

చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. వేళకాని వేళ చేసే థెరపీ హాని కూడా చేస్తుంది. మాట కదా, పనిచేయకపోతే పోయె, నష్టమేముంది అనుకుంటారు. 1997లో హోగార్టీ బృందం స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లకు మూడేళ్ల పాటు ఇచ్చిన పర్సనల్ థెరపీ ఫలితాలు ప్రచురించింది. ఇంట్లోవాళ్లతో కలిసి ఉంటున్నవాళ్లకు మేలు జరిగింది, జబ్బు తిరగబెట్టడం తగ్గింది. ఒంటరిగా ఉంటున్నవాళ్లలో మాత్రం థెరపీ అందినవాళ్లకే ఎక్కువగా తిరగబెట్టింది. ఉండటానికి కుదురైన చోటు, రోజు గడవడానికి ఆసరా లేని మనిషి మీద ఆలోచన, ఆత్మపరిశీలన అనే అదనపు బరువు పెడితే తట్టుకోలేడని అర్థం చేసుకున్నారు. నా అనుభవం కూడా అదే. "గాయం బయటికి తీద్దాం" అంటూ ఇంకా కుదుటపడని మనిషిని పాత జ్ఞాపకాల్లోకి లాక్కెళ్లిన తర్వాత మూడు రాత్రులు నిద్ర లేక, నాలుగో రోజుకి గొంతులు తిరిగొచ్చిన ఇద్దరిని నేను ఆసుపత్రి వార్డులో కలిశాను.

అలాగని గాయాలు లేవని నేననడం లేదు. చిన్నప్పుడు హింసకు గురైనవాళ్లకు సైకోసిస్ వచ్చే అవకాశం ఎక్కువని అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ కనిపించింది. మీ అక్కకు నిజంగానే అలాంటిదేదో ఉంటే అది మాట్లాడాల్సిన విషయమే. ఎప్పుడు, ఎవరితో, ఏ స్థితిలో అన్నదే ప్రశ్న. ఇల్లు తగలబడుతున్నప్పుడు ముందు మంట ఆర్పుతాం, నిప్పు ఎలా అంటుకుందో ఆరా తర్వాత తీస్తాం.

మనసు ఒకసారి పట్టలేనంత ఉద్రేకానికి (దాన్నే మానియా అంటారు), ఇంకోసారి డిప్రెషన్‌కి ఊగే బైపోలార్ జబ్బు గురించి రెండు మాటలు. మానియాలో ఉన్న మనిషికి థెరపీ చేయడమంటే పరుగెత్తే రైలుకి చెయ్యెత్తి ఆపమన్నట్టే. లిథియం లాంటి మందులతో దిగిన తర్వాత థెరపీ చాలా పనిచేస్తుంది, ముఖ్యంగా నిద్ర వేళలు, ముందస్తు సూచనలు పట్టుకోవడంలో. అక్కడ కూడా హద్దుంది. 2006లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌లో, అప్పటికే పన్నెండు, అంతకంటే ఎక్కువసార్లు జబ్బు తిరగబెట్టినవాళ్లకు సీబీటీ లాభించలేదు, మామూలు చికిత్సే నయమనిపించింది.

తీవ్రమైన జబ్బు అంటే థెరపీకి లొంగదు అనుకుంటే అదీ పొరపాటే. భావోద్వేగాలూ సంబంధాలూ అదుపు తప్పే బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ ప్రాణాంతకం కాగలిగినంత తీవ్రమైనది. దానికి ప్రధాన చికిత్స థెరపీయే, మందులది పక్కవాయిద్యం. అవే ఆలోచనలు, అవే పనులు మళ్లీ మళ్లీ వేధించే ఓసీడీ చాలా ముదిరినా భయాన్ని ఎదుర్కొనేలా చేసే థెరపీ బాగా పనిచేస్తుంది. తేడా తీవ్రతలో లేదు. ఆ జబ్బు మనిషి దగ్గర్నుంచి ఏం లాక్కుంటుందన్న దాంట్లో ఉంది. ఓసీడీ ఉన్న మనిషికి చాలావరకు "ఇది అతి" అని లోపల తెలుస్తూనే ఉంటుంది, ఆ తెలివిడిని పట్టుకుని మేం పనిచేస్తాం. సైకోసిస్ రగిలి ఉన్నప్పుడు పట్టుకోవడానికి అది దొరకదు.

మరి మీ అక్కకు థెరపీ దేనికి పనికొస్తుంది? చాలావాటికి. మందులకు అందని లక్షణాలు ఈ జబ్బులో బోలెడు. గొంతులు తగ్గుతాయి గానీ ఏ పనీ మొదలుపెట్టబుద్ధి కాకపోవడం, మనుషుల్లో కలవలేకపోవడం, మతిమరుపు తగ్గవు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అంటారు. మిగిలిన కొద్దిపాటి గొంతులతో ఎలా బతకాలి, వాటి మాట వినాల్సిన అవసరం లేదని ఎలా నేర్చుకోవాలి, ఇవి సీబీటీతో అవుతాయి. ఇక దుఃఖం. ఇరవై మూడేళ్లకే చదువూ స్నేహితులూ అన్నీ ఆగిపోయిన మనిషికి, బుర్ర తేటపడే కొద్దీ ఏం పోగొట్టుకుందో కనిపించడం మొదలవుతుంది. జబ్బు తగ్గుతున్న దశలోనే కొందరు ప్రాణం తీసుకునే ఆలోచన చేసేది అందుకే. ఆ సమయంలో పక్కన కూర్చుని మాట్లాడే మనిషి ఉండి తీరాలి. అది మందుతో అయ్యే పని కాదు, మా పని.

మీ ఇంటిల్లిపాదికీ కూడా పని ఉంది. బ్రౌన్, ఆ తర్వాత లెఫ్, వాన్ అనే పరిశోధకులు లండన్‌లో చేసిన అధ్యయనాల్లో, ఇంట్లో విమర్శ, కోపం, అతి జాగ్రత్త ఎక్కువగా ఉంటే జబ్బు త్వరగా తిరగబెడుతుందని తేలింది. అలాంటి ఇంట్లో వారానికి 35 గంటల కంటే ఎక్కువ ఎదురెదురుగా గడిపేవాళ్లకు మరీనూ. దీన్ని మళ్లీ తల్లిమీదకు నెట్టకండి, జబ్బు రావడానికి కారణం ఇల్లు అని ఇది చెప్పడం లేదు. కుటుంబం మొత్తాన్ని కూర్చోబెట్టి జబ్బు గురించి చెప్పి, గొడవ పడకుండా మాట్లాడటం నేర్పే ఫ్యామిలీ థెరపీ, తిరగబెట్టడాన్ని తగ్గించడంలో మా దగ్గరున్న అన్ని మాటల చికిత్సల కంటే గట్టి ఆధారం ఉన్నది. విచిత్రమేమిటంటే, జనం అందరికంటే తక్కువ అడిగేది దాన్నే. "ఆమెను బాగుచెయ్యండి, మాకెందుకు సెషను" అంటారు. అలాగే ఉద్యోగం. ముందు ట్రైనింగులంటూ ఏళ్లు గడపకుండా నేరుగా ఉద్యోగంలో పెట్టి పక్కన ఉండి సాయం చేసే పద్ధతి మంచి ఫలితాలిస్తోంది. వారంలో 168 గంటలు. అందులో నా దగ్గర గడిపేది ఒక్కటి. మిగిలిన 167లో ఏం జరుగుతుందన్నదే ఎక్కువ తేలుస్తుంది.

ఇక మీ అక్క అసలు ఫిర్యాదుకి వద్దాం. బరువు, మత్తు. వీటిని చిన్నవిగా కొట్టిపారేసే డాక్టర్లంటే నాకు ఒళ్లు మంట. ఇలాంటి తీవ్రమైన మానసిక జబ్బులు ఉన్నవాళ్ల ఆయుష్షు మిగతావాళ్ల కంటే 10 నుంచి 20 ఏళ్లు తక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అందులో గుండె జబ్బుల వాటా పెద్దది. కాబట్టి బరువు పెరగడం అందం సంగతి కాదు. ఒలాంజపిన్, క్లోజపిన్ బరువు బాగా పెంచుతాయి. అరిపిప్రజోల్, లురాసిడోన్ లాంటివి తక్కువ పెంచుతాయి. మందు మార్చవచ్చా, డోసు తగ్గించవచ్చా, మొత్తం రాత్రికే వేసుకోవచ్చా, బరువుకి మెట్‌ఫార్మిన్ అనే షుగరు మందు కలపవచ్చా అని సైకియాట్రిస్టుని నేరుగా అడగండి. ఆయన విసుక్కుంటే ఇంకో సైకియాట్రిస్టుని చూడండి. రెండు మందులు తగిన డోసులో, తగినన్ని వారాలు వాడినా గొంతులు పోకపోతే క్లోజపిన్ గురించి అడగాలి. 1988లో వచ్చిన కేన్ అధ్యయనంలో, వేరే మందులకు లొంగనివాళ్లలో దాంతో 30 శాతం మంది మెరుగుపడ్డారు, పోల్చిన పాత మందుతో 4 శాతమే. రక్త పరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి గానీ, దాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేయడం వల్ల నష్టపోయినవాళ్లను చాలామందిని చూశాను.

ఎప్పటికైనా తగ్గించుకోవాలన్న ఆశ అక్కకు ఉంటే అది కూడా మాట్లాడదగ్గదే, కాకపోతే సైకియాట్రిస్టుతో. నెదర్లాండ్స్‌లో మొదటిసారి సైకోసిస్ వచ్చిన 103 మందిని ఏడేళ్లు గమనించి 2013లో రాసినదాంట్లో, తొలిదశలో డోసు తగ్గించే ప్రయత్నం చేసిన గుంపులో ఎక్కువమంది కోలుకున్నారు. తర్వాత ఇంగ్లండ్‌లో ఏళ్లుగా మందులు వాడుతున్నవాళ్ల మీద చేసిన ట్రయల్ 2023లో వచ్చింది. నెమ్మదిగా తగ్గించినా రెండేళ్లకు వాళ్ల రోజువారీ జీవితం ఏమీ మెరుగవలేదు, తీవ్రంగా తిరగబెట్టింది మాత్రం 25 శాతం మందికి, తగ్గించనివాళ్లలో 13 శాతానికి. రెండుసార్లు ఆసుపత్రి పాలైన మనిషి కనుక మీ అక్క విషయంలో డాక్టరు జాగ్రత్తగానే ఉంటారు. తగ్గించినా నెలల తరబడి కొంచెం కొంచెంగా, ఎవరో ఒకరు కనిపెట్టి ఉండగా తగ్గించాలి. ఈ సోమవారం నుంచి బంద్ అనుకోవడం ఆ పద్ధతి కాదు.

ఆ కౌన్సెలర్ దగ్గరికి మళ్లీ వెళ్లేట్టయితే మూడు ప్రశ్నలు అడగండి. స్కిజోఫ్రెనియా ఉన్న ఎంతమందితో పనిచేశారు? మా అక్కను చూసే సైకియాట్రిస్టుతో మీరు మాట్లాడటానికి అభ్యంతరం ఉందా? అర్ధరాత్రి గొంతులు మొదలై "దూకెయ్" అంటే మేం ఎవరికి ఫోన్ చెయ్యాలి? మూడోదానికి "అలా జరగదు" అన్న జవాబు వస్తే ఇక అక్కడికి పంపకండి. మంచి థెరపిస్టు ఎవరైనా రెండో ప్రశ్నకు ముందే తనంతట తాను సైకియాట్రిస్టు నంబరు అడుగుతారు.

థెరపీ మీద మోయలేనంత ఆశ పెట్టడంలో నాకు నచ్చనిది ఇంకోటుంది. మందు పనిచేయకపోతే మందు మారుస్తారు. థెరపీ పనిచేయకపోతే మాత్రం "ఆమె మనసు విప్పడం లేదు", "ఇంట్లోవాళ్లు సహకరించడం లేదు", "బాగుపడాలని ఆమెకే లేదు" అంటారు. ఓడిపోయింది మా పద్ధతి, దోషం రోగికి.

అక్కతో ఎలా మాట్లాడాలో అడిగారు. మందులు మంచివని వాదించకండి, జబ్బు ఉందని ఒప్పించాలనీ చూడకండి. మందులు ఆపితే తనకు ఏం తిరిగొస్తుందని అనుకుంటోందో అడగండి, అడిగి మాట్లాడకుండా వినండి. పొద్దున్నే లేవగలగడమా, పాత బట్టలు పట్టడమా, మళ్లీ చదువుకోవడమా? ఏది చెబితే అది ఆమె మాటల్లోనే కాగితం మీద రాయించండి. ఒక వారం పాటు ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, మందు ఎన్నింటికి వేసుకుంది, మత్తు ఏ వేళకు దిగింది కూడా రాయించి, ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ కలిసి సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి. ఆయనతో మాట్లాడేది అక్కే అయితే మంచిది, మీరు పక్కన కూర్చోండి చాలు. ఈలోగా నిద్ర రెండు మూడు రాత్రులు వరసగా తగ్గినా, చచ్చిపోవాలన్న మాట వచ్చినా, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.